పెరటి గుడ్డు – అంగడి గుడ్డు

పాఠ్యాంశ ఉద్దేశం

ఇంటి పెరట్లో పెంచిన కోడి పెట్టిన గుడ్డు మేలైనదా, ఫారం నుండి దుకాణానికి వచ్చిన గుడ్డు మేలైనదా అన్న ప్రశ్నకు ప్రజలలో చాలకాలంగా స్థిరపడిన సమాధానాలు ఉన్నాయి. వాటిలో నిజమెంతో, నమ్మకమెంతో శాస్త్రదృష్టితోను, పల్లె కుటుంబపు ఆదాయవ్యయాల దృష్టితోను పరిశీలించడం ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

పాఠ్యాంశం

నల్లగొండ నుండి నాగార్జునసాగరుకు పోయే దారిలో హాలియా పట్టణం ఉన్నది. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా వానను నమ్ముకొన్న మెట్టనేల. జొన్న, సజ్జ, ఆముదం ఇక్కడి ప్రధానమైన పైరులు. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత, లాల్ బహదూర్ కాలువగా పేరు పొందిన ఎడమ కాలువ కింద వరి విస్తరించింది. వరి వెంట మిల్లులు వచ్చాయి. మిల్లుల వెంట నూక, తవుడు వచ్చాయి. కాలువ నీరు మనుషుల పంటను మార్చినట్లే పెరటి కోడి మేతనూ మార్చింది. కళ్లంలో జొన్నగింజలు ఏరుకొన్న కోడి, వాకిట్లో నూకలు ఏరుకోవడం నేర్చుకొన్నది. ఇంత చిన్న మార్పును చరిత్ర రాసేవారు లెక్కలోనికి తీసుకోరు. కాని గుడ్డును గురించి విచారించేటప్పుడు దీనిని మరువరాదు. గుడ్డు అనేది కోడి తిన్న మేతకు మరొక రూపం మాత్రమే.

ఈ ప్రాంతపు కిరాణా దుకాణాలలో ఫారం గుడ్లు ముప్పయ్యేసి చొప్పున అట్టలలో దొంతరగా పేర్చి ఉంటాయి. తెల్లగా, ఒకే పరిమాణంలో, అచ్చులో పోసినట్లు కనిపిస్తాయి. నాటు గుడ్లు అలా దొరకవు. ఎవరో ఒక ఇల్లాలు గంపలోనో, బియ్యం నింపిన గిన్నెలోనో పదీ పదిహేను తెచ్చి అమ్ముతుంది. అవి చిన్నవి. ఒకటి గోధుమరంగు, మరొకటి పాలిపోయిన లేతరంగు. ఫారం గుడ్డు బరువు సుమారు 55 గ్రాములుంటే, నాటు గుడ్డు సాధారణంగా 40 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ధర మాత్రం రెట్టింపు. ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడ పలుకుతుంది. బరువును బట్టి లెక్క కట్టితే నాటు గుడ్డు రెండున్నర రెట్లకు పైగా ప్రియమైనదని తేలుతుంది. అయినను బాలింతకు, జబ్బుపడి లేచినవారికి నాటు గుడ్డే పెట్టాలని పెద్దలు పట్టుబడతారు. ఈ పట్టుదల ఎంతవరకు సమంజసమో తెలుసుకోవాలంటే ముందుగా ఆ రెండు కోళ్ల జీవితాలను పోల్చి చూడవలసి ఉంటుంది.

పెంపుడు కోడికి పూర్వీకురాలు ఆగ్నేయాసియా అడవులలో తిరిగే ఎర్ర అడవికోడి. అది సంవత్సరానికి పది పదిహేను గుడ్లకు మించి పెట్టదు. తన సంతతిని నిలుపుకోవడానికి అంతకు మించి దానికి అవసరం లేదు. పెరటి నాటుకోడి ఆ స్వభావాన్ని పూర్తిగా విడిచిపెట్టలేదు. అది వరుసగా పది నుండి పదిహేను గుడ్లు పెట్టి, పొదుగుకు వస్తుంది. వరిగడ్డి పరచిన గంపలో ఇరవై ఒక్క రోజులు కదలక మెదలక కూర్చుంటుంది. పిల్లలు బయటికి వచ్చిన తరువాత రెండు మూడు నెలలు వాటిని రెక్కల కింద పెట్టుకొని, గద్ద నీడ పడితే అరిచి హెచ్చరిస్తూ, చెత్తను కాళ్లతో చెరిగి పురుగులను చూపిస్తూ తిరుగుతుంది. అంతకాలం గుడ్డు పెట్టదు. కనుకనే దాని గుడ్లు ఏడాదికి యాభై అరవైని దాటవు. వాటిలోనూ కొన్ని గడ్డివాములో, ముళ్లకంచె చాటున ఎవరికీ కనపడని చోట పెడుతుంది.

ఫారం కోడి కథ వేరు. అది వైట్ లెగ్‌హార్న్ అనే జాతి నుండి తరతరాల ఎంపిక ద్వారా తయారైన పెట్ట. పొదిగే గుణం దానిలో దాదాపుగా నశించింది. అందువలన మధ్యలో ఆగక, ఏడాదికి మూడువందలకు పైగా గుడ్లు పెడుతుంది. రోజుకు సుమారు 110 గ్రాముల సమతుల దాణా దానికి అందుతుంది. ఆ దాణాలో మొక్కజొన్న, సోయాచెక్క, తవుడు, సున్నపు పదార్థం, విటమిన్లు కొలత ప్రకారం కలుపుతారు. పగటి వెలుగుకు దీపాల వెలుగును జోడించి రోజుకు పదహారు గంటల వెలుతురు ఉండేటట్లు చూస్తారు. గుడ్డు పెంకు ఒక్కదానికే రెండు గ్రాముల కాల్షియం కావాలి. అది దాణాలో చాలకపోతే కోడి తన ఎముకల నుండి తీసి ఇస్తుంది. ఒకటిన్నర సంవత్సరం దాటి, గుడ్లు తగ్గగానే ఆ కోడిని మాంసానికి అమ్మివేస్తారు. పుంజు లేకుండానే ఈ కోళ్లు గుడ్లు పెడతాయి. కాబట్టి ఆ గుడ్లలో జీవం ఉండదు. ఎన్నాళ్లు పొదిగించినా వాటి నుండి పిల్ల రాదు.

ఇక గుడ్డును చూద్దాం. కొనేవారు మొదట పెంకు రంగును చూస్తారు. గోధుమరంగు ఉంటే నాటుదనీ, తెలుపైతే ఫారందనీ నిర్ణయిస్తారు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుందే గాని దాని మేతను బట్టి గాని, పోషక విలువను బట్టి గాని రాదు. గోధుమరంగు గుడ్లు పెట్టే జాతులను పెద్ద ఫారాలలోనూ పెంచుతారు. కనుక రంగు చూసి రెట్టింపు ధర చెల్లించినవారు మోసపోయే అవకాశం ఉన్నది.

రెండవ పరీక్ష సొన రంగు. ముదురు పసుపుగానో, నారింజ వన్నెలోనో ఉంటే బలమైన గుడ్డని అందరి నమ్మకం. ఇందులో కొంత నిజం, కొంత భ్రమ కలిసి ఉన్నాయి. పచ్చగడ్డి, ఆకుకూరలు, మొక్కజొన్న తిన్న కోడి గుడ్డులో సొనకు రంగు వస్తుంది. ఆ రంగునిచ్చే పదార్థాలు మొక్కలలోనివి. ఫారం దాణాలో బంతిపూల సారాన్ని కలిపి కూడ అదే రంగును తెప్పించవచ్చు. దీనికి విరుద్ధమైన సంగతి ఒకటి హాలియా వంటి వరి ప్రాంతాలకు వర్తిస్తుంది. తెల్లని బియ్యపు నూకలో ఆ రంగు పదార్థాలు లేవు. సిమెంటు వాకిట్లో, నాలుగు గోడల మధ్య కేవలం నూకలు తిని పెరిగిన నాటుకోడి గుడ్డులో సొన పాలిపోయి ఉంటుంది. మొక్కజొన్న తిన్న ఫారం కోడి గుడ్డు దానికంటె పచ్చగా కనిపిస్తుంది! పొలంగట్ల మీద, పెంటకుప్పల మీద తిరిగి పురుగులు, చెదలు, లేతగడ్డి తిన్న కోడి గుడ్డు సంగతి వేరు. కాబట్టి అడగవలసిన ప్రశ్న గుడ్డు నాటుదా కాదా అన్నది కాదు. ఆ కోడి ఎక్కడ తిరిగింది, ఏమి తిన్నది అన్నది.

ఈ మాటకు పరిశోధనల బలం ఉన్నది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, పచ్చికలో మేసిన కోళ్ల గుడ్లలో విటమిన్ ఇ రెండింతలు, ఒమేగా–3 కొవ్వు ఆమ్లాలు రెండున్నర రెట్లు ఉన్నాయి. విటమిన్ ఎ గాఢత కొంత ఎక్కువ కనిపించినా, గుడ్డు మొత్తం మీద లెక్కించినప్పుడు తేడా లేదు. జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయంవారు 2014లో మరొక విషయాన్ని నిరూపించారు. ఎండలో తిరిగిన కోళ్ల గుడ్ల సొనలో విటమిన్ డి, లోపల ఉంచి పెంచిన కోళ్ల గుడ్లలో కంటె మూడు నాలుగు రెట్లు అధికంగా ఉన్నది. ఎండకు కొదువలేని నల్లగొండ జిల్లాకు ఇది శుభవార్తే. అయితే ఈ పరిశోధనలలోని కోళ్లు పచ్చికలో, ఆరుబయట తిరిగినవి. ఇంటి కోడి అన్న పేరు ఉన్నంత మాత్రాన ఆ ఫలితాలు గంప కింద మూసిపెట్టిన కోడికి వర్తించవు.

మిగిలిన పోషకాలలో రెండు గుడ్లకూ చెప్పుకోదగిన భేదం లేదు. మాంసకృత్తులు రెండింటిలోనూ శ్రేష్ఠమైనవే. 50 గ్రాముల గుడ్డులో దాదాపు ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. బి–12 విటమిన్ రెండింటిలోనూ ఉన్నది. సి విటమిన్ రెండింటిలోనూ లేదు. నాటు గుడ్డు చిన్నది కాబట్టి దానిలో తెల్లసొన పాలు తక్కువ, పచ్చసొన పాలు ఎక్కువ. దాని చిక్కని రుచికి ఇది ఒక కారణం. నాటు గుడ్డులో కొలెస్టరాల్ ఉండదని కొందరు అమ్మకందారులు చెప్పే మాట సరియైనది కాదు. కొలెస్టరాల్ లేని పచ్చసొన ఏ కోడీ పెట్టదు.

తాజాదనం విషయంలో పెరటి గుడ్డుదే పైచేయి అని అందరూ అనుకొంటారు. కోడి శరీరపు వేడి సుమారు 41 డిగ్రీలు. గుడ్డు బయటికి వచ్చి చల్లబడగానే లోపలి పదార్థం కుంచించుకొని, మొద్దుగా ఉన్న కొనలో చిన్న గాలి గది ఏర్పడుతుంది. పెంకుకు కంటికి కనిపించని వేలకొలది రంధ్రాలు ఉన్నాయి. వాటి గుండా రోజు రోజుకు తేమ, బొగ్గుపులుసు వాయువు బయటికి పోతాయి. గాలి గది పెద్దదవుతుంది. బిగువుగా ఉన్న తెల్లసొన నీరుకారుతుంది. అందుచేతనే తాజా గుడ్డును నీటిలో వేస్తే అడుగున అడ్డంగా పడుకొంటుంది. కొన్నాళ్ల గుడ్డు ఒక కొన పైకెత్తి ఏటవాలుగా నిలుస్తుంది. బాగా పాతబడినది నీటిమీద తేలుతుంది. తేలిన గుడ్డు ప్రతిదీ చెడిపోయిందని చెప్పలేము గాని, దానిని కూరలోనికి నేరుగా కొట్టకుండా వేరొక గిన్నెలో కొట్టి చూడడం మంచిది. ఉదయం పెట్టిన గుడ్డును ఉదయమే ఉడికించిన ఇల్లాలికి ఒక చిక్కు ఎదురవుతుంది. పెంకు సొనకు అతుక్కొని సులభంగా ఊడిరాదు. వారం దాటిన అంగడి గుడ్డు పెంకు చక్కగా ఒలిచి వస్తుంది. గుండ్రంగా, నున్నగా ఒలిచిన గుడ్లు కావలసిన పెళ్లి వంటవారికి పాత గుడ్డే ప్రియం.

పెరటి గుడ్డు ఎల్లప్పుడు తాజాగా ఉంటుందన్నది కూడ పూర్తి సత్యం కాదు. రెండు మూడు పెట్టలున్న ఇంటిలో పదిహేను గుడ్లు పోగుకావడానికి వారం పది రోజులు పడుతుంది. కొనేవారు వచ్చేవరకు అవి బియ్యం కుండలోనో, తవుడులోనో ఉంటాయి. గడ్డివాములో దొరికిన గుడ్డు వయసు ఎవరికీ తెలియదు. ఇక వేసవి సంగతి మరీ విచిత్రమైనది. నల్లగొండ జిల్లాలో మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. పుంజుతో కలిసి తిరిగే పెట్ట గుడ్డులో జీవం ఉంటుంది. ఇంటిలోని వేడి 27 డిగ్రీలు దాటితే చాలు, పొదిగే కోడి లేకపోయినా ఆ జీవం మేల్కొని పెరగనారంభిస్తుంది. పెరుగుదలకు తగిన నిలకడైన వేడిమి లేక మధ్యలో చనిపోతుంది; గుడ్డు చెడుతుంది. సొనలో సన్నని నెత్తుటి వలయం కనిపించడం దీనికి గుర్తు. జీవం లేని ఫారం గుడ్డుకు ఈ ప్రమాదం లేదు. కనుక వేసవిలో ఒకే గదిలో ఉంచినప్పుడు నాటు గుడ్డే ముందుగా పాడవుతుంది. గుప్పిట మూసి, అందులో గుడ్డును పట్టి ఎండకు ఎదురుగా చూసి లోపలి మచ్చను గుర్తించే పద్ధతి పల్లె స్త్రీలకు తరతరాలుగా తెలుసు. పరిశ్రమలలో దీపపు వెలుగులో చేసే పరీక్ష కూడ ఇదే.

శుభ్రత విషయంలోనూ తొందరపడి తీర్పు చెప్పలేము. గుడ్డు పెంకు మీద సన్నని సహజమైన పొర ఉంటుంది. సూక్ష్మజీవులు లోపలికి పోకుండ అది కాపాడుతుంది. గుడ్లను తెచ్చిన వెంటనే కడిగి నిలువచేసేవారు తెలియక ఆ పొరను పోగొట్టుకొంటున్నారు. వండేముందు కడిగితే చాలును. పెరటి కోడి ఏ నేలను గీరుతుందో ఆ నేల గుణం గుడ్డులోనికి వస్తుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో ఇంటి కోళ్ల గుడ్లను 2022లో పరీక్షించగా, వాటిలో సీసం అంగడి గుడ్లలో కంటె సగటున నలభై రెట్లు ఎక్కువగా కనిపించింది. పాత ఇళ్ల రంగులు, వాహనాల పొగ అనేక సంవత్సరాలుగా ఆ మట్టిలో చేరడం అందుకు కారణం. హాలియా సిడ్నీ కాదు. కాని పురుగుమందు డబ్బాలు, పాత బ్యాటరీలు పారవేసిన చోట కోళ్లను తిరగనీయరాదన్న జాగ్రత్త ఇక్కడా అవసరమే.

పచ్చి గుడ్డు తాగితే బలమని కసరత్తు చేసే యువకులు నమ్ముతారు. అందుకు నాటు గుడ్డునే ఎన్నుకొంటారు. బెల్జియం వైద్యులు 1998లో చేసిన పరిశోధనలో ఉడికించిన గుడ్డులోని మాంసకృత్తులలో 91 శాతం ఒంటికి పట్టగా, పచ్చి గుడ్డులోనివి 51 శాతం మాత్రమే పట్టాయి. రెట్టింపు ధర పెట్టి కొన్న గుడ్డులో సగం వృథా చేసుకోవడమే గాక, సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవుల ప్రమాదాన్ని కూడ కొనితెచ్చుకోవడమవుతుంది.

ఇంతవరకు గుడ్డు గుణాన్ని విచారించాము. కాని పల్లె కుటుంబానికి గుడ్డు కేవలం ఆహారం కాదు. నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉన్న ఇంటిలో వాటి మీద అధికారం సాధారణంగా ఇల్లాలిదే. వరి అమ్మిన సొమ్ము ఎరువుల అప్పుకు, విత్తనాల అప్పుకు పోతుంది. గుడ్లు అమ్మిన సొమ్ము ఆమె చేతిలోనే ఉంటుంది. పిల్లవాని నోటు పుస్తకానికి, బస్సు చార్జీకి, జ్వరపు మాత్రకు అదే ఆధారం. ప్రతి గుడ్డు విషయంలోనూ ఆమె మూడు దారులను తూచి చూస్తుంది: పొదిగించాలా, అమ్మాలా, పిల్లలకు పెట్టాలా? పొదిగిస్తే ఆరేడు నెలలకు కోడి అవుతుంది; మధ్యలో పిల్లి, ముంగిస, గద్ద, కుక్క తమ వాటా తీసుకొనగా మిగిలినవే దక్కుతాయి. అమ్మితే వెంటనే సొమ్ము. పిల్లలకు పెట్టడమన్నది తరచుగా మూడవ స్థానంలోకి జారిపోతుంది. ఇంటిలో కోళ్లున్నా పిల్లల కంచాలలో గుడ్డు కనపడకపోవడానికి ఇదే హేతువు. దీనిని తల్లి నిర్లక్ష్యంగా భావించడం అన్యాయం.

ఒక లెక్కను చూడవచ్చు. నాటు గుడ్డు ధర ఫారం గుడ్డుకు రెట్టింపుగా ఉన్న రోజున పదిహేను నాటు గుడ్లు అమ్మితే ముప్పై గుడ్ల అట్ట ఒకటి వస్తుంది. ఇచ్చినది సుమారు 600 గ్రాములు, తెచ్చుకొన్నది 1,650 గ్రాములు. మేలైన గుడ్డును అమ్మి మామూలు గుడ్డును కొన్నదని ఆమెను ఎగతాళి చేసేవారికి ఈ లెక్క తెలియదు. ఎదిగే నలుగురు పిల్లలకు కొద్దిపాటి విటమిన్ ఇ కంటె రెండున్నర రెట్ల మాంసకృత్తులు ముఖ్యం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఒక్కొక్క మనిషికి ఏడాదికి 180 గుడ్లు అవసరమని సూచించింది. అనగా రోజుకు అర గుడ్డు. 1950–51లో దేశంలో తలకు ఐదు గుడ్లు మాత్రమే లభించేవి. 2023–24 నాటికి ఆ సంఖ్య 103కు చేరింది. ఆ సంవత్సరం దేశం మొత్తం మీద 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి కాగా, ఆంధ్రప్రదేశ్ ప్రథమ స్థానంలోను, తెలంగాణ తృతీయ స్థానంలోను నిలిచాయి. ఈ పెరుగుదల ప్రధానంగా పెరటి కోళ్ల వలన వచ్చినది కాదు. 1971లో వేంకటేశ్వర హ్యాచరీస్‌ను స్థాపించిన డాక్టర్ బి.వి. రావు వంటివారు కోళ్ల పెంపకాన్ని పరిశ్రమగా మలచారు. గుడ్ల ధరలు పడిపోయి రైతులు నష్టాలలో మునిగిన కాలంలో ఆయన చొరవతో 1982లో జాతీయ కోడిగుడ్ల సమన్వయ సంఘం ఏర్పడింది. వర్తకులు చెప్పిన ధరకు తలవంచే స్థితి నుండి రైతులే ధరను సూచించే స్థితికి వచ్చారు. పత్రికలలో ప్రతిదినం కనిపించే ‘నెక్’ ధర ఈ సంఘానిదే.

అయిదుగురున్న కుటుంబానికి 180 చొప్పున ఏడాదికి 900 గుడ్లు కావాలి. అయిదు నాటు పెట్టలు కలిసి మూడువందలు పెడితే, పొదుగుకు వంద తీసివేయగా మిగిలేవి రెండువందలే. ఈ అంతరాన్ని పూడ్చుతున్నది అంగడి గుడ్డు.

అంగడి గుడ్డు చవకదనానికి మూల్యం చెల్లిస్తున్నది మాత్రం కోడి. పంజరంలో ఒక్కొక్క కోడికి దక్కే చోటు ఈ పాఠ్యపుస్తకంలో తెరచిన రెండు పుటలంత కూడ ఉండదు. రెక్క చాపడానికి, మట్టిలో పొర్లడానికి, గూటిలో గుడ్డు పెట్టడానికి వీలులేదు. యూరోపియన్ యూనియన్ దేశాలు ఇటువంటి పంజరాలను 2012 నుండి నిషేధించాయి. మన దేశంలో న్యాయ కమిషన్ 2017లో సమర్పించిన 269వ నివేదికలో కోళ్ల పెంపక స్థితిగతులను మెరుగుపరచే నియమాలను సిఫారసు చేసింది. కోళ్లను ఇరుకులో ఉంచినప్పుడు జబ్బులు వేగంగా వ్యాపిస్తాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ సోకి కోళ్లు పెద్ద సంఖ్యలో మరణించడం అందరికీ తెలిసినదే. జబ్బులను అణచడానికి వాడే మందుల ప్రభావం మనుషులను కూడ తాకుతుంది. మానవ వైద్యంలో చివరి అస్త్రంగా దాచుకొన్న కోలిస్టిన్ అనే మందును పశువులకు, కోళ్లకు వాడకుండా భారత ప్రభుత్వం 2019లో నిషేధించింది.

పెరటి కోడి ఎక్కువ గుడ్లు పెట్టేటట్లు చేయలేమా? ఈ ప్రశ్నకు సమాధానం హైదరాబాదు శివారు రాజేంద్రనగరులోని కోళ్ల పరిశోధన సంచాలకాలయంలో వెదికారు. 1988లో ఏర్పడిన ఈ కేంద్ర సంస్థ పెరటి పెంపకానికి ‘వనరాజా’, ‘గ్రామప్రియ’ అనే రకాలను రూపొందించింది. గ్రామప్రియ పెరట్లో తిరుగుతూనే ఏడాదికి 160 నుండి 180 గోధుమరంగు గుడ్లు పెట్టగలదు. పొడవైన కాళ్లు, నేలలో కలిసిపోయే రంగు ఈకలు శత్రువుల నుండి తప్పించుకోవడానికి దానికి ఉపకరిస్తాయి. అయిదు గ్రామప్రియ పెట్టలు బాగా సాగితే ఎనిమిది వందల గుడ్లు; కుటుంబ అవసరానికి కేవలం వంద తక్కువ. అయితే ఈ రకాలకు పొదిగే గుణం తక్కువ. వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెట్టి పొదిగించినా, పుట్టిన పిల్లలు తల్లి గుణాలతో నిలువవు. ప్రతిసారి కొత్త పిల్లలను కొని, మొదటి నాలుగు నుండి ఆరు వారాలు వెచ్చదనం, దాణా, రక్షణ ఇచ్చి సాకాలి. నాటు పెట్ట ఆ పనులన్నీ ఖర్చులేకుండా తానే చేసేది! పిల్లలను బయటినుండి కొనుక్కోవలసిన రకమొకటి, తనంతట తానే కొనసాగే జాతి మరొకటి. రెండూ ఉన్న పెరడే తెలివైన పెరడు.

ఏ రకమైనా కొక్కెర తెగులు ముందు నిలువలేదు. 1927లో మన దేశంలో మొదట గుర్తించిన ఊరి పేరు మీదుగా దీనిని రాణిఖేత్ వ్యాధి అంటారు. ఒక్క వారంలో పెరడంతా ఖాళీ చేయగల తెగులు ఇది. మొదటి వారంలో పిల్ల కంటిలోనో ముక్కులోనో వేసే చుక్కల మందు, ఎనిమిదవ వారంలో ఇచ్చే సూది దీని నుండి కాపాడతాయి. ఫారాలలో ఈ టీకాలు తప్పనిసరిగా వేస్తారు. పెరళ్లలో చాలమంది వేయించరు. నాలుగు కోళ్ల కోసం పశువైద్యశాలకు ఎవరు పోతారన్నది సాధారణంగా వినవచ్చే మాట. ఆ నాలుగు కోళ్లే ఇల్లాలి మొత్తం మూలధనమని గ్రహించినవారు ఆ మాట అనరు.

తెలంగాణలో 2015 జనవరి నుండి ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీ కేంద్రాలలో గర్భిణులకు, బాలింతలకు భోజనంతో పాటు రోజుకొక గుడ్డు పెడుతున్నారు. బడి మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు గుడ్లు ఉన్నాయి. ఇన్ని కోట్ల గుడ్లు ఏ పెరటి నుండీ రాలేవు. అవి ఫారం గుడ్లే. బాలింతకు నాటు గుడ్డే పెట్టాలన్న పెద్దల మాటను పట్టుకొని, అంగన్‌వాడీ గుడ్డు తినకుండా ఇంటి గుడ్డు కోసం ఎదురుచూసిన తల్లికి చివరకు ఏదీ దక్కకపోవచ్చు. ఇంటిలో గుడ్డు ఉన్ననాడు అది, లేననాడు కేంద్రంలోని గుడ్డు. ఏదైనా బాగా ఉడికించి, ఆ రోజే ఆమె కంచంలోనికి రావాలి.

అభ్యాసం

1. పెంకు రంగును బట్టి గుడ్డు నాణ్యతను నిర్ణయించలేమని పాఠ్యాంశం ఆధారంగా వివరించండి.

2. కాలువ నీటి రాక పెరటి కోడి మేతను ఎట్లు మార్చింది? అది సొన రంగుపై చూపే ప్రభావమేమి?

3. వేసవిలో నాటు గుడ్డు ఫారం గుడ్డుకంటె ముందుగా చెడిపోవడానికి కారణమేమి?

4. పదిహేను నాటు గుడ్లు అమ్మి ఒక అట్ట కొన్న ఇల్లాలి నిర్ణయాన్ని మీరు సమర్థిస్తారా? మీ అభిప్రాయాన్ని సహేతుకంగా రాయండి.

5. మీ ఇంటిలోని మూడు గుడ్లను నీటిలో వేసి పరిశీలించి, వాటి తాజాదనాన్ని గురించి అయిదు వాక్యాలు రాయండి.